మునిగిన ఓడలోని సొత్తు

1986వ సంవత్సరము ఏప్రిలు 28వ తేదీ మొదలు అయిదు దినములపాటు ఆమ్‌స్టర్‌డామ్ నగరములో క్రిస్టీ కంపెనీవారు ఒక వేలము నడిపిరి. వేలమునకు వచ్చినవి పింగాణీ గిన్నెలు, సాసర్లు, తేనీటి పాత్రలు, పళ్లెరములు. మొత్తము సుమారు 1,50,000. వానితోపాటు నూటికి పైగా బంగారు కడ్డీలును ఉండెను. చైనా ప్రభుత్వము పెకింగు రాజప్రాసాద మ్యూజియమునుండి ఇద్దరు పింగాణీ నిపుణులను 30,000 డాలర్లిచ్చి అచ్చటికి పంపినది. తమ దేశపు కుమ్మరులు చేసిన ఆ పాత్రలలో ఒక్కదానినైనను వారు కొనలేకపోయిరి. ధరలు అంతగా పెరిగినవి. వేలము ముగియునప్పటికి వచ్చిన సొమ్ము సుమారు కోటి పౌండ్లు.

ఆ సరకంతయు సముద్రపు అడుగున 233 ఏండ్లు పడియుండి, 1985లో పైకి వచ్చినది. దానిని తెచ్చినవాడు మైకేల్ హాచర్ అను నావికుడు. మునిగిన ఓడలను వెదకి సరకు తీయుట అతని వృత్తి. దొంగతనము చేసెనని అతనిపై ఏ న్యాయస్థానమును తీర్పు చెప్పలేదు. అయినను చరిత్రకారులు, పురాతత్త్వశాస్త్రజ్ఞులు ఆ పనిని నేటికిని తప్పుపట్టుచునే యున్నారు. చట్టము తప్పనని పనిని శాస్త్రము ఏల తప్పనుచున్నదో తెలియవలెనన్న, ముందు ఆ ఓడ కథ తెలియవలెను.

ఓడ పేరు గెల్డర్మాల్సెన్. డచ్చి ఈస్టిండియా కంపెనీది. 1605లో మచిలీపట్నమున వర్తకస్థానము తెరచి, పిమ్మట పాలకొల్లు, భీమునిపట్నములవరకు వ్యాపించిన కంపెనీ ఇదియే. 1751 డిసెంబరులో ఈ ఓడ చైనాలోని కాంటను రేవునుండి హాలెండునకు బయలుదేరినది. అందులో సుమారు 7 లక్షల పౌనుల తేయాకు, రెండు లక్షలకు పైబడిన పింగాణీ పాత్రలు, పట్టుబట్టలు, బంగారము ఉండెను. 1752 జనవరి 3వ తేదీన దక్షిణ చైనా సముద్రపు దక్షిణ భాగమున, ఇప్పటి ఇండొనీసియా సమీపమున, ఒక దిబ్బకు తగిలి మునిగినది. ఓడలో ఉన్న 112 మందిలో 80 మంది చనిపోయిరి. మిగిలిన 32 మంది రెండు పడవలలో బటేవియా చేరిరి. ఆ నగరమే నేటి జకార్తా.

బ్రతికి బయటపడినవారిలో ఓడ సరంగు క్రిస్టోఫెల్ వాన్ డైక్ ఒకడు. కంపెనీ అధికారులు అతనిని పిలిచి, బంగారము ఏమైనదని గ్రుచ్చి గ్రుచ్చి అడిగిరి. ఓడ అంత త్వరగా మునిగినప్పుడు దానిని తెచ్చుటకు వీలెక్కడిదని అతడనెను. అధికారులకు నమ్మకము కుదరలేదు. 1985లో ఆ బంగారము ఓడ శిథిలములలోనే దొరికినది. సరంగు నిజమే చెప్పినాడని తేలినది. నిధివేటగానివలన చరిత్రకు చేకూరిన మేలు ఏమియు లేదనువారు ఈ సంగతిని మరువరాదు.

మరియొక మేలు కూడ జరిగినది. గ్రోనింగెన్ మ్యూజియములోని పింగాణీ నిపుణుడు క్రిస్టియాన్ యోర్గ్ కంపెనీవారి పాత దస్తావేజులు తిరుగవేసి, ఓడను గుర్తుపట్టి, దాని చరిత్ర వ్రాసినాడు. ఏ పాత్రలు ఎన్ని కొన్నారో కంపెనీ లెక్కలలో ఉన్నది. ఇందుకు హాచర్ పక్షమువారి వాదమును చేర్చి చూడవలెను. తాము డబ్బు ఖర్చుపెట్టి వెదకకున్న ఓడ ఎన్నటికిని దొరకియుండదు; ఒకే అచ్చున చేసిన వేలకొలది గిన్నెలు ఏ మ్యూజియమునకును అక్కరలేదు; కొన్ని దాచి మిగిలినవి అమ్మిన నష్టమేమి? ఈ ప్రశ్న తేలికగా త్రోసివేయదగినది కాదు.

దీనికి సమాధానము గిన్నెలలో లేదు, గిన్నెలు పడియున్న తీరులో ఉన్నది. చైనా వర్తకపు ఓడలలో పింగాణీ పెట్టెలను అడుగున పేర్చి, వానిపై తేయాకు పెట్టెలు పెట్టెడివారు. పింగాణీ బరువైనది, తడిసినను చెడదు. తేయాకు తేలికయైనది, తడిసిన చెడును. గెల్డర్మాల్సెన్ మునిగిన పిమ్మట ఆ తేయాకే క్రిందికి దిగి, పాత్రలను కప్పి కాపాడినది. ఓడలో అధిక భాగపు విలువ ఆ తేయాకుదే. 18వ శతాబ్దపు తేయాకు ఏ రకముదో, పెట్టెలు ఏ కఱ్ఱతో చేసినవో, లోపల ఏమి పూతపూసినారో, ఓడ గర్భములో ఎట్లు బిగించినారో, ఓడ పక్కటెముకలు ఎట్లు కూర్చినారో, ఇవన్నియు ఆ చోటనే చూచి వ్రాసికొనవలసిన సంగతులు. వర్తకపు దస్తావేజులలో కొనుగోలు లెక్కలు కనబడునుగాని, ఓడ వడ్రంగి చేసిన పని కనబడదు. సరకు తీసినవారు అడుగుభాగమును పురాతత్త్వ పద్ధతిని కొలిచి పటము గీయలేదు. తేయాకు, బురద, విరిగిన కఱ్ఱ వారికి అడ్డము వచ్చిన చెత్త.

ఇచ్చట రసాయనశాస్త్రము ఒక విచిత్రమైన సత్యము చెప్పును. సముద్రమునుండి పైకి వచ్చిన ప్రతి వస్తువును ఒకే విధముగా ఉండదు. ఇనుమును చూడుడు. ఉప్పునీటిలో అది తుప్పుపట్టి, చుట్టును ఇసుక, సున్నము, గవ్వలు చేరి గట్టి పెంకుగా మారును. లోపలి లోహములో క్లోరైడులు ఇంకియుండును. పైకి తెచ్చి ఆరనిచ్చిన, గాలిలోని ప్రాణవాయువు తగిలి ఆ క్లోరైడులు ఆమ్లమును పుట్టించును; ఫిరంగిగుండు కొలది కాలములోనే పగిలి పొరలు పొరలుగా రాలిపోవును. దానిని నిలుపవలెనన్న క్షారజలములో ముంచి, విద్యుత్తు ప్రసరింపజేసి, నెలల తరబడి, పెద్ద ఫిరంగులైన ఏండ్ల తరబడి, లవణమును లాగివేయవలెను.

కఱ్ఱ సంగతి ఇంకను సున్నితము. నీటిలోని సూక్ష్మజీవులు కఱ్ఱలోని సెల్యులోజును తినివేయగా, మిగిలిన బోలు కణములను నీరే నిలబెట్టుచుండును. నీరు ఆరిపోయిన కణములు కూలి, దూలము ముడుచుకొని వంకరలు పోవును. స్వీడను దేశమువారు 1628లో మునిగిన వాసా అను యుద్ధనౌకను 1961లో పైకెత్తినప్పుడు, నీటికి బదులు పాలీ ఇథిలీన్ గ్లైకాల్ అను మైనమువంటి పదార్థమును కఱ్ఱలోనికి ఎక్కించుటకై 17 ఏండ్లు దానిపై చల్లుచునే యుండిరి. మట్టికుండలలో ఇంకిన ఉప్పు ఆరునప్పుడు స్ఫటికములై పై పూతను ఊడగొట్టును. మంచినీటిలో పలుమార్లు నానవేయవలెను. తోలు, త్రాడు, బట్ట కూడ ఇట్టివే.

ఇక బంగారమునకు సముద్రము ఏమియు చేయదు. మేలైన పింగాణీ గాజువలె గట్టిపడి యుండును గనుక ఉప్పు లోనికి పోదు; కడిగి తుడిచిన వేలమునకు సిద్ధము. అనగా అంగడిలో అమ్ముడుపోవునది, సముద్రము చెరుపలేనిది, దాదాపు ఒక్కటియే. చరిత్రకు మిక్కిలి అవసరమైన కఱ్ఱ, ఇనుము, త్రాడు, తిండిగింజ, వీనిని నిలుపుటకు ఏండ్లు పట్టును, ధన వ్యయమగును, అమ్మిన ఎవరును కొనరు. లాభమునకై ఓడను త్రవ్వువాడు దుర్మార్గుడు కానక్కరలేదు. అతని లెక్కలలోనే చరిత్రకు చోటులేదు.

దీనికి భిన్నముగా జరిగిన కథ 1960లో టర్కీ దక్షిణ తీరమునకు చెందినది. మధ్యధరా సముద్రములో స్పంజి ఏరి జీవించు గజ ఈతగాండ్రు తరతరములుగా ఉన్నారు. 1900లో గ్రీసు దేశపు ఆంటికిథెరా దీవియొద్ద కంచు విగ్రహములను కనుగొన్నది వీరే. ప్రభుత్వము తరఫున వానిని పైకి తెచ్చు పనిలో ఒకడు మరణించెను, ఇద్దరికి అంగములు చచ్చుబడెను. 1943లో కూస్టో, గాన్యాన్ అను ఫ్రెంచివారు ఆక్వాలంగ్ పరికరమును నిర్మించిన పిమ్మట ఊపిరిగొట్టమునకు, బరువైన శిరస్త్రాణమునకు కట్టుబడక ఎవడైనను అడుగునకు దిగవచ్చును. ఓడల చరిత్రకు ఇంతకంటె మేలు చేసిన పరికరమును లేదు, కీడు చేసిన పరికరమును లేదు.

1958లో బోద్రుమ్ రేవునకు వచ్చిన పీటర్ త్రాక్‌మోర్టన్ అను అమెరికను పత్రికారచయితకు కెమాల్ ఆరాస్ అను స్పంజి నావికుడు ఒక మాట చెప్పెను. గెలిడోన్యా అగ్రమునొద్ద నీటి అడుగున లోహపు దిమ్మెలు ఒకదానికొకటి అతుకుకొని పడియున్నవనియు, డైనమైటు పెట్టి ప్రేల్చి పాత లోహము క్రింద అమ్ముకొనదలచితిమనియు అతడు చెప్పినాడు. ఆ దిమ్మెలు మూడువేల ఏండ్లకు మునుపటివి కావచ్చునని త్రాక్‌మోర్టన్ గ్రహించి, ఆ పని ఆపుడని కోరెను. నావికుడు ఆగినాడు. పేదవానికి అది చిన్న త్యాగము కాదు.

1960 వేసవిలో పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము తరఫున జార్జి బాస్ అను యువకుడు అచ్చటికి వచ్చెను. అంతవరకు పురాతత్త్వజ్ఞులు పడవమీద కూర్చుండి, గజ ఈతగాండ్రు తెచ్చియిచ్చినవాటిని చూచెడివారు. బాస్ తానే ఈత పరికరములు ధరించి దిగినాడు. నేలమీద త్రవ్వకమునందు వలెనే ప్రతి వస్తువునకు గుర్తు కట్టి, ఫొటోలు తీసి, కొలతలు వేసిన పిమ్మటనే కదలించిరి. రాతికి కరచుకొనిన దిమ్మెలను మోటారుకారు జాకీతో ఎత్తి, ముక్కలను ఒడ్డున మరల అదే వరుసలో పేర్చి, అప్పుడు విడదీసిరి.

వచ్చిన ఫలితము ఏమనగా: రాగి దిమ్మెలు, కరగించుటకై పోగుచేసిన విరిగిన కంచు పనిముట్లు, వీనితోపాటు తెల్లని సుద్దవంటి ముద్ద ఒకటి. ఆ ముద్ద తగరము చెడి మిగిలిన ఆక్సైడు. రాగి, తగరము, పాత కంచు మూడును ఒకే ఓడలో ఉండుటచేత అది కంచుపని చేయువాని సరకని తెలిసినది. డైనమైటుకు ఆ తెల్లని ముద్ద మిగిలియుండునా? ఓడ ఒక కొనయందు మాత్రము దీపము, తూకపు రాళ్లు, ముద్రలు, ఈజిప్టు తరహా తాయెతులు గుంపుగా దొరికినవి. సరకు కాక ఇవి ఓడవారి సొంత వస్తువులు. కావున అచ్చట వారి గది ఉండెననియు, వస్తువుల తీరునుబట్టి వారు గ్రీకులు కాక సిరియా, పాలస్తీనా ప్రాంతమువారనియు బాస్ వాదించెను. అంతవరకు క్రీ. పూ. 1200 నాటి సముద్ర వర్తకమంతయు మైసీనియను గ్రీకులదేనని పండితులు అనుకొనుచుండిరి. పెద్దలు వెంటనే ఒప్పుకొనలేదు. వాదము పెక్కేండ్లు సాగినది. ఆ వాదమునకు ఆధారము విలువైన వస్తువు ఏదియు కాదు, అంగడిలో అమ్మిన చిల్లరడబ్బులు వచ్చు తూకపు రాళ్లు, అవి ఉన్న స్థానము.

ఇంకొక ముచ్చట. ఒడిస్యూస్ తన తెప్పలో కంప పరచెనని హోమరు వ్రాసినది ఏలనో వ్యాఖ్యాతలకు చిరకాలము బోధపడలేదు. గెలిడోన్యా ఓడలో దిమ్మెల క్రింద పరచిన కంపపుల్లలు దొరకినవి. సరకు ఓడ పలకలను గీరకుండ పరచినవి. కుళ్లిన పుల్లలు కవిహృదయమును విప్పి చెప్పినవి.

ఇక చట్టము మాట. సముద్ర వర్తకమున సాల్వేజి అను పాత ధర్మము కలదు. మునుగుచున్న ఓడనుండి సరకును ప్రాణములకు తెగించి కాపాడినవానికి యజమాని తగిన బహుమానమీయవలెను. ఇది మంచి ధర్మము. లేకున్న ఆపదలో ఎవడును చేయి అందింపడు. కాని రెండువందల ఏండ్లు నీటి అడుగున ఉండి, చుట్టునున్న బురదతో సమస్థితికి వచ్చిన వస్తువునకు ఆపద ఎక్కడిది? ఆ స్థితిలో దానికి మొదటి ఆపద పైకి తీయువానివలననే కలుగును. ఆపదనుండి కాపాడినవాని కొరకు పుట్టిన బహుమానమును ఆపద తెచ్చినవాడు అడుగుచున్నాడు.

గెల్డర్మాల్సెన్ విషయమున హాచర్ అది ఏ దేశమునకును చెందని సముద్రమనెను. ఇండొనీసియా తన జలములనెను. డచ్చి ప్రభుత్వము ఒకప్పటి కంపెనీకి వారసురాలుగా వచ్చిన సొమ్ములో వాటా పుచ్చుకొని మిన్నకుండెను. పాత్రలు చేసిన చైనాకు వేలముపాటలో ఒక కుర్చీ దక్కినది. సరకునకు పెట్టిన పేరు సైతము అంగడిదే: ‘నాంకింగ్ సరకు’. పాత్రలు చేసినది జింగ్‌డెజెన్‌లో, ఓడ ఎక్కినది కాంటనులో. నీలిరంగు పింగాణీకి నాంకింగ్ అనునది వర్తకుల వాడుక పేరు మాత్రమే.

చైనా ఆ అవమానమును మరువలేదు. మరుసటి ఏడు 1987లో నీటి అడుగు పురాతత్త్వమునకు ఒక శాఖ నెలకొల్పినది. ఆ యేడే బ్రిటిషు కంపెనీ ఒకటి చైనావారితో కలిసి మరియొక డచ్చి ఓడను వెదకుచుండగా, అనుకోకుండ సుంగ్ వంశపు కాలమునాటి చైనా ఓడ ఒకటి కనబడినది. దానికి నాన్‌హై-1 అని పేరుపెట్టిరి. ఈసారి తొందరపడలేదు. ఇరువది ఏండ్లు ఆగి, 2007 డిసెంబరులో చుట్టునున్న బురదతో సహా ఉక్కు పెట్టెలో బిగించి ఓడను మొత్తముగా పైకెత్తి, దానికై కట్టిన మ్యూజియములోని కొలనులో ఉంచిరి. అచ్చట చూపరుల యెదుటనే త్రవ్వకము సాగినది. సుమారు 1,80,000 వస్తువులు వచ్చినవి. గెల్డర్మాల్సెన్‌లో పోయినవన్నియు ఇందులో ఉన్నవి: గదిగదిగా పేర్చిన గిన్నెల వరుసలు, ఇనుప మూకుళ్ల కట్టలు, నావికులు తిన్న పండ్ల టెంకలు, మాంసపు ఎముకలు. ఇంత వ్యయము ప్రతి దేశమును భరింపజాలదన్నది వాస్తవమే.

పెద్ద కంపెనీల మాట అట్లుండగా, సెలవుదినమున సరదాకు మునిగి, ఒక నాణెమో సీసాయో జేబులో వేసికొని వచ్చువాని సంగతి ఏమి? పడమటి ఆస్ట్రేలియా తీరమున 1963లో ‘బంగరు డ్రాగను’ అను డచ్చి ఓడ కనబడినది, 1656లో మునిగినది. వెండినాణెములకై కొందరు ప్రేలుడు మందు వాడిరి. మరుసటి యేడే ఆ రాష్ట్రము పాత ఓడలను కాపాడ చట్టము చేసినది. 1976లో దేశమంతటికి చట్టము వచ్చినది. అప్పటికే ఎందరి ఇండ్లలోనో వస్తువులు చేరియుండెను. 1993లో ప్రభుత్వము క్షమాభిక్ష ప్రకటించి, శిక్ష ఉండదు, ఉన్నది చెప్పుడు చాలునన్నది. వేలకొలది వస్తువుల వివరములు బయటకు వచ్చినవి. వానిలో పెక్కింటికి ఏ ఓడదో ఎరుకయేగాని, ఓడలో ఎచ్చట నుండెనో చెప్పగలవారు లేరు. బంగరు డ్రాగనును కనుగొన్నవారిలో గ్రేమ్ హెండర్సన్ అను పాఠశాల బాలుడొకడు. పెరిగి పెద్దవాడై అతడు ఆ రాష్ట్రపు సముద్ర మ్యూజియమునకు డైరెక్టరు అయ్యెను.

మన దేశమున నూరేండ్లు దాటిన పురావస్తువులకు 1972నాటి చట్టము వర్తించును. 2001లో పురాతత్త్వశాఖలో నీటి అడుగు విభాగము ఏర్పడినది. ఆ విభాగము 2002లో లక్షద్వీపములలోని బంగారం దీవియొద్ద 1792లో మునిగిన ప్రిన్సెస్ రాయల్ ఓడను నౌకాదళ సహాయముతో పరిశోధించినది. అదే 2001 నవంబరులో యునెస్కో ఒక అంతర్జాతీయ ఒడంబడికను అంగీకరించినది. అది 2009 జనవరినుండి అమలులోనికి వచ్చినది. ఓడను ఉన్నచోటనే ఉంచి కాపాడుట మొదటి మార్గముగా ఎంచవలెననియు, సరకును వ్యాపారమునకు చీల్చి అమ్మరాదనియు అందులో ఉన్నది.

శాస్త్రమునకును చట్టమునకును మించిన విషయమొకటి మిగిలియున్నది. ఓడ మునిగినచోట మనుష్యులు కూడ ఉన్నారు. 1999లో హాచరే కనుగొనిన టెక్‌సింగ్ అను చైనా ఓడ 1822లో గాస్పరు జలసంధియొద్ద మునిగినప్పుడు, పని వెదకికొనుచు జావాకు పోవుచుండిన వందలకొలది పేదలు దానితో మునిగిరి. దారిన పోవు ఇండియానా అను ఆంగ్ల ఓడ సుమారు 190 మందిని కాపాడినది. దాని పింగాణీ 3,50,000 పాత్రలు 2000 నవంబరులో జర్మనీలో వేలమునకు వచ్చినవి. నేలమీద శ్మశానమును త్రవ్వి గిన్నెలు అమ్మువానిని ఏ ఊరును సహింపదు. నీరు కప్పియుండుటచేత మాత్రమే ఇది సాగినది.

యుద్ధనౌకలకైన ఈ మర్యాద ఉండునని అనుకొందురు. 1942 ఫిబ్రవరి 27న జావా సముద్ర యుద్ధములో మునిగిన డచ్చి నౌకలను, 75వ వర్ధంతికి ముందు 2016 నవంబరులో గజ ఈతగాండ్రు చూడబోగా, రెండు నౌకలు పూర్తిగా, మూడవది చాల భాగము మాయమై యుండెను. అడుగున వాటి అచ్చు మాత్రమే ఇసుకలో మిగిలినది. పాత లోహము అమ్ముకొనువారు ముక్కలుగా కోసి తీసికొనిపోయిరి. వానిలో వందలమంది నావికుల అస్థికలుండెను. 1971 డిసెంబరులో విశాఖపట్నము రేవు చెంత 90 మందికి పైగా నావికులతో మునిగిన పాకిస్తాను జలాంతర్గామి గాజీ కూడ ఇట్టి సమాధియే. యునెస్కో ఒడంబడిక నీటి అడుగున నూరేండ్లు గడచిన వాటికే వర్తించును. జావా సముద్రపు నౌకలకు ఆ గడువు 2042లో నిండును, గాజీకి 2071లో.